ఎమ్మారైలో ఏమీ లేదన్నారు, డాక్టరేమో మెదడు జబ్బే అంటున్నారు. మా నాయనకి ఏం చెప్పాలి?

కట్టమంచి కుర్రోడు:

అందరికీ నమస్తే. మాది చిత్తూరు. పోస్టు కొంచెం పొడుగే, ఓపిక చేసుకుని చదవండి.

మా తమ్ముడికి 23 ఏళ్లు. బీటెక్ అయ్యాక బెంగళూరులో రూమ్ తీసుకుని ఉద్యోగం వెతుక్కుంటూ ఉండేవాడు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు మనిషిలో తేడా కనిపించింది. ఫోన్ స్విచ్చాఫ్ చేసి తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పూడ్చి పెట్టేవాడు, ఏందిరా అది అంటే "ఆఫ్ చేసినా వింటారు, నీకు తెలీదు" అనేవాడు. ఎదురింటి మేడ మీద వాళ్లు బట్టలు ఆరేసుకుంటుంటే తన గురించే చెప్పుకుంటున్నారని కిటికీ రెక్కలు వేసేసేవాడు. అమ్మ కలిపిన అన్నం ముట్టకుండా సీలు తీయని బిస్కెట్ ప్యాకెట్ల మీదే బతికాడు కొన్నాళ్లు. రాత్రిళ్లు ఎవరితోనో మాట్లాడతాడు, గదిలో ఎవరూ ఉండరు.

మా అత్త గాలి సోకిందంది, షోలింగూరు గుడికి తీసుకెళ్లాం. తర్వాత ఎవరో తలకి స్కాన్ తీయిస్తే తేలిపోతుందంటే డబ్బులు కట్టి ఎమ్మారై తీయించాం. రిపోర్టు మొత్తం నార్మల్. మా నాయన ఆ కవరు తెచ్చి బీరువాలో భూమి పాసుపుస్తకం పక్కన పెట్టుకున్నాడు, అంత సంతోషం ఆయనకి. చివరికి తిరుపతిలో సైకియాట్రిస్టుకి చూపిస్తే స్కిజోఫ్రీనియా అన్నారు. "ఇది మెదడుకి వచ్చే జబ్బు, మీ తప్పూ కాదు, అబ్బాయి తప్పూ కాదు, షుగర్‌కి మాత్రలు వేసుకోరా, ఇదీ అంతే" అన్నారు. మా నాయనకి షుగర్ ఉంది. ఆయన వెంటనే అందుకుని "షుగరంటే రక్తం తీస్తే నంబరొస్తాది సార్, దీనికి నంబరేది? మెదడు బాగుందని కాగితం మీరే చూసినారు కదా" అన్నాడు. డాక్టరు గారు ఏదో చెప్పారు గానీ బయట వరండా నిండా జనం, ఆ హడావిడిలో మాకేం బుర్రకెక్కలేదు.

ఇప్పుడు ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. మెదడులో ఏమీ లేనప్పుడు మెదడుకి మందులెందుకు, ఆపేద్దామంటాడు నాయన. మెదడు జబ్బే అయితే న్యూరాలజిస్టు కదా చూడాల్సింది, సైకియాట్రిస్టు ఎందుకు చూస్తున్నట్టు అని నాకూ డౌటు. పైగా చెల్లెలికి పుంగనూరు సంబంధం మాటల్లో ఉంది, మెదడు జబ్బంటే వంశంలో ఉందనుకుంటారని అమ్మకి టెన్షన్. మనసు జబ్బని చెప్పుకుంటే మేలా, మెదడు జబ్బంటే మేలా? అసలు ఏది నిజం? తెలిసినవాళ్లు చెప్పండి.

జిమ్ బాయ్ టీపీటీ:

స్కాన్ నార్మల్ అంటే జబ్బు లేనట్టే బ్రో. ఖాళీగా ఉంటే ఎవరికైనా ఇలాంటి ఆలోచనలే వస్తాయి. ఫోన్ లాక్కోండి, పొద్దున్నే అలిపిరి మెట్లు ఎక్కించండి, నెలలో సెట్ అవుతాడు.

నైట్ డ్యూటీ:

పైన జిమ్ సలహా పక్కన పెట్టండి అన్నా. వ్యాయామం మంచిదే, కానీ అమ్మ పెట్టే అన్నంలో విషం ఉందనుకునే కుర్రాణ్ణి మెట్లెక్కిస్తే ఆ అనుమానం పోదు. నేను సైకియాట్రీలో పీజీ చేస్తున్నా, కాబట్టి నా మాటల్లో మా డిపార్ట్‌మెంటు మీద పక్షపాతం ఉంటే సర్దుకోండి. ముందు ఒక్క మాట, మాత్రలు ఆపొద్దు. మిగతా వాదన తీరిగ్గా చేసుకోవచ్చు.

మీ నాయన అడిగింది మంచి ప్రశ్న. నిజంగానే దీనికి నంబరు లేదు. స్కిజోఫ్రీనియా ఉందని తేల్చే రక్తపరీక్ష లేదు, స్కానూ లేదు. మనిషి ఏం చెబుతున్నాడు, ఇంట్లోవాళ్లు ఏం గమనించారు, ఎన్నాళ్లుగా ఉంది, చదువూ పనీ ఎంత దెబ్బతిన్నాయి, వీటిని బట్టే చెప్తాం. ఆ విషయం దాచిపెట్టి "అచ్చం షుగర్ లాంటిదే" అనేస్తే మీ నాయన లాంటివాళ్ల దగ్గర ఇరుక్కుంటాం.

మరి ఎమ్మారై ఎందుకు తీస్తారంటే, అది చూపించేది ముఖ్యంగా మెదడు ఆకారం. గడ్డ, రక్తస్రావం, చీము, మెదడులో చేరిన పురుగు తిత్తి, పాత దెబ్బ తాలూకు మచ్చ, ఇలాంటివి ఉంటే పట్టిస్తుంది. అవేవీ లేవని రాసిన కాగితం అది. అంతే తప్ప మెదడు పని చేసే తీరంతా సవ్యంగా ఉందని సర్టిఫికెట్ కాదు. మూర్ఛ ఉన్నవాళ్లలో ఎంతోమందికి ఎమ్మారై నార్మల్‌గానే వస్తుంది, మైగ్రేన్ వాళ్లకీ అంతే. మూర్ఛ మెదడు జబ్బు కాదని ఎవరూ అనరు కదా? నాయనకి ఇదొక్కటి చెప్పి చూడండి.

అలాగని స్కిజోఫ్రీనియాలో స్కాన్‌కి ఏమీ దొరకదని కాదు. 1976లో లండన్‌లో ఈవ్ జాన్‌స్టన్, ఆమె తోటి డాక్టర్లు సీటీ స్కాన్లు తీసి, చాలాకాలంగా జబ్బుతో ఉన్నవాళ్లలో మెదడు లోపల నీరుండే గదులు పెద్దవిగా ఉన్నాయని చూపించారు. తర్వాత ఎమ్మారైలతో ఎందరో అదే చూశారు. కానీ ఇదంతా జబ్బున్నవాళ్లని ఒక గుంపుగా, లేనివాళ్లని ఇంకో గుంపుగా పెట్టి సగటు తీస్తే బయటపడే తేడా. ఒక్క మనిషి స్కాన్ నా చేతికిచ్చి ఉందా లేదా చెప్పమంటే చెప్పలేను, ఎందుకంటే ఏ జబ్బూ లేనివాళ్లలోనూ ఆ గదులు పెద్దగా ఉన్నవాళ్లుంటారు, జబ్బున్నవాళ్లలో మామూలుగా ఉన్నవాళ్లుంటారు. డోపమిన్ అని మెదడు కణాల మధ్య కబుర్లు మోసే రసాయనం ఒకటుంది, దాని సంగతీ అంతే. పెట్ స్కాన్లతో చూస్తే మెదడు లోపలి ఒక భాగంలో దాని తయారీ సగటున ఎక్కువగా ఉంది, మన మందులు పనిచేసేదీ ఆ డోపమిన్ మీదే. పరిశోధనకి అది చాలా పెద్ద విషయం, ఓపీలో ఒక్కో పేషెంటుకీ తేల్చడానికి మాత్రం పనికిరాదు.

న్యూరాలజీకి ఎందుకు పంపలేదంటే, పంపాల్సిన గుర్తులు కనిపించి ఉండవు. ఫిట్స్, జ్వరం, ఒక పక్క చేయి కాలు బలం తగ్గడం, తికమకపడి తేదీ, ఊరు మర్చిపోవడం లాంటివి ఉంటే పంపుతాం. థైరాయిడ్, బీ12, హెచ్ఐవీ, వీడీఆర్ఎల్ (సిఫిలిస్ అనే సుఖవ్యాధికి చేసే రక్తపరీక్ష) చేయించారా? ఇంకోటి, మొహమాటం లేకుండా అడుగుతున్నా, బెంగళూరులో గంజాయి అలవాటు ఏమన్నా అయిందా? చాలామంది ఇళ్లలో తెలీదు. తమ్ముణ్ణి మెల్లిగా, తిట్టకుండా అడగండి.

పాత లెక్చరర్:

నేను ఫార్మకాలజీ చెప్పి రిటైరయ్యాను, తిరుపతిలోనే ఉంటాను. పీజీ బాబు చెప్పిందంతా సరైందే, కానీ న్యూరాలజీ, సైకియాట్రీ సరిహద్దు గురించి ఇంకొంచెం చెప్పాలి. మన చిత్తూరు అబ్బాయి వేసిన ప్రశ్నకి జవాబు సగం చరిత్రలో ఉంది.

మనసు జబ్బులు మెదడు జబ్బులే అనే మాట కొత్తదేం కాదు. 1845లోనే జర్మనీలో గ్రీసింగర్ అనే డాక్టరు పుస్తకం రాసి మరీ చెప్పాడు. అప్పట్లో ఆయన దగ్గర రుజువు తక్కువ, నమ్మకం ఎక్కువ. గట్టి రుజువు దొరికింది సిఫిలిస్ విషయంలో. యూరప్ పిచ్చాసుపత్రుల్లో ఒక రకం పేషెంట్లు పెద్ద సంఖ్యలో ఉండేవాళ్లు, తానే రాజునని, కోట్ల ఆస్తి ఉందని చెప్పుకునేవాళ్లు, పోనుపోను మాట తడబడేది, కాళ్లు పడిపోయేవి, కొన్నేళ్లలో చనిపోయేవాళ్లు. మనసు చెడిందనీ, నడత చెడిందనీ రకరకాలుగా అన్నారు. 1913లో నొగుచి, మూర్ అనే ఇద్దరు అలా చనిపోయినవాళ్ల మెదడులో సిఫిలిస్ క్రిమిని సూక్ష్మదర్శినిలో చూపించారు. వియన్నాలో వాగ్నర్ యౌరెగ్ 1917లో ఈ పేషెంట్లకి కావాలని మలేరియా ఎక్కించి ఆ జ్వరంతో వైద్యం చేశాడు, 1927లో దానికి నోబెల్ ఇచ్చారు! తర్వాత పెన్సిలిన్ వచ్చింది, ఆ వార్డులే ఖాళీ అయ్యాయి. పీజీ బాబు వీడీఆర్ఎల్ అన్నాడే, ఆ పరీక్ష వెనక ఉన్న కథ ఇది.

రెండోది మన తెలుగు నేల మీదే జరిగింది. పెల్లాగ్రా అనే జబ్బులో చర్మం నల్లబడి పగులుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, మనిషి దిగులుగా అయిపోయి, ముదిరితే మతి తప్పుతుంది. అమెరికాలో మొక్కజొన్న తప్ప ఇంకేమీ దొరకని పేదలకి వచ్చేది. మన దగ్గర హైదరాబాదు చుట్టుపక్కల జొన్నలు తిని బతికే కూలీలకి వచ్చేది. సి.గోపాలన్, శ్రీకంఠయ్య 1960 ప్రాంతంలో దాని మీద పనిచేసి, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లానికి ఇందులో పాత్ర ఉండొచ్చని చెప్పారు. మందేమిటంటే నియాసిన్ అనే విటమిన్. మతి తప్పినట్టున్న మనిషి విటమిన్ మాత్రతో, మంచి తిండితో తేరుకుంటుంటే చూసినవాళ్లకి మనసు ఎక్కడ ఆగింది, మెదడు ఎక్కడ మొదలైంది అనే వాదన మీద ఆసక్తి పోతుంది.

ఇప్పుడు అసలు మాట. కారణం దొరికాక సిఫిలిస్ పిచ్చి సైకియాట్రీలో మిగల్లేదు. పెల్లాగ్రా పోషకాహారం వాళ్ల చేతికి వెళ్లింది. ఆల్జైమర్ స్వయంగా సైకియాట్రిస్టు, 1906లో ఆయన వివరించిన జబ్బుని ఇప్పుడు ఎక్కువగా న్యూరాలజిస్టులు చూస్తున్నారు. కారణం కళ్లకి కనిపించిందల్లా ఇంకో డిపార్ట్‌మెంటుకి వెళ్లిపోతుంది, కనిపించనిది సైకియాట్రీలో ఉండిపోతుంది. అందుకే సైకియాట్రీ వాళ్ల చేతిలో ఎప్పుడూ నంబరుండదు. వాళ్లకి చేతకాక కాదు, పంపకాలు అలా జరిగాయి. కాబట్టి మీ తమ్ముణ్ణి సైకియాట్రిస్టు చూస్తున్నాడు గనక అది మెదడు జబ్బు కాదు అనుకోవడం తర్కానికి నిలబడదు.

ఇంత చెప్పి ఒక హెచ్చరిక కూడా. మెదడు మెదడు అని తొందరపడితే ఏమవుతుందో కూడా చూశాం. 1935లో పోర్చుగల్‌లో మోనిజ్ మెదడు ముందు భాగంలో నరాల దారులు తెంపడం మొదలుపెట్టాడు, 1949లో ఆయనకీ నోబెల్ ఇచ్చారు, ఆ ఆపరేషన్లతో ఎంతమంది బతుకులు మొద్దుబారాయో. మన సర్పగంధి వేరు సంగతి తీసుకోండి. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దాన్ని బీపీకీ, పిచ్చికీ వాడి చూసి రాశారు. 1952లో అందులోంచి రిసర్పిన్ తీశారు. బీపీకి అది వాడినవాళ్లలో కొందరు దిగులు పట్టి కూర్చున్నారు, రిసర్పిన్ మెదడులో కొన్ని రసాయనాలని తగ్గిస్తుందని తెలిసింది, ఇంకేం, డిప్రెషన్ అంటే రసాయనాల లోటు అనే సిద్ధాంతానికి అదొక మూలస్తంభం అయింది. ఆ రసాయనాల్లో ఒకటైన "సెరటోనిన్ తగ్గింది" అని ఇప్పటికీ చెప్తుంటారు. 2022లో మోన్‌క్రిఫ్ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి, డిప్రెషన్‌కి సెరటోనిన్ తగ్గడమే కారణమనడానికి నికరమైన ఆధారం లేదని తేల్చింది. అంటే యాభై ఏళ్లకి పైగా జనానికి సులువుగా ఉంటుందని ఒక కథ చెప్పారు. మెదడు జబ్బు అనడం వేరు, మెదడులో ఫలానా చోట ఫలానాది చెడిందని తెలిసినట్టు మాట్లాడటం వేరు.

నైట్ డ్యూటీ:

సార్, చరిత్ర బాగా చెప్పారు. కానీ 2022 పేపరు డిప్రెషన్, సెరటోనిన్ గురించి, ఇక్కడ అబ్బాయిది స్కిజోఫ్రీనియా. వాళ్ల నాయన చదివి "చూసినావా, మందులన్నీ ఉత్తదే" అంటే ఎవరు సమాధానం చెప్పాలి? మందు పనిచేయడం ఒకటి, ఎందుకు పనిచేస్తుందో చెప్పే సిద్ధాంతం ఇంకొకటి. ఈ జబ్బుకి వాడే పాత మందు క్లోర్‌ప్రోమజిన్‌ని 1952లో పారిస్‌లో పేషెంట్లకి ఇచ్చి ఫలితం చూశారు, డోపమిన్ మాట వచ్చింది ఆ తర్వాత. సిద్ధాంతం రేపు మారినా, మాత్రలు మధ్యలో ఆపినవాళ్లకి జబ్బు తిరగబెట్టేది ఎక్కువన్న లెక్క మారదు.

డాక్టర్లు మెదడు జబ్బని నొక్కి చెప్పడానికి ఇంకో కారణం ఉంది. 1948లో అమెరికాలో ఫ్రీడా ఫ్రోమ్ రైక్‌మన్ అనే పేరున్న డాక్టరు తల్లి పెంపకం వల్లే స్కిజోఫ్రీనియా వస్తుందన్న మాట వాడుకలోకి తెచ్చారు, ఒక తరం తల్లులు ఆ నింద మోశారు. ఆ మాట తుడిచేయడానికి అవతలి కొసకి వెళ్లి మాట్లాడతారు మావాళ్లు. మీ డాక్టరు గారు "మీ తప్పు కాదు" అన్నది అందుకే అయ్యుంటుంది.

తిరుచానూరు అక్క:

నాకు సైన్సు తెలీదు, మా ఇంట్లో జరిగింది చెప్తాను, గుర్తులు పనికొస్తాయని.

మా చిన్నమ్మ కూతురు, డిగ్రీ రెండో సంవత్సరం. ముందు తలనొప్పి, ఒళ్లు వెచ్చబడటం, తర్వాత వారం రోజుల్లో మనిషే మారిపోయింది. నిద్ర లేదు, ఏడుపు, అరుపులు, గోడ మీద ఎవరో ఉన్నారంటుంది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సైకియాట్రీ వార్డులో చేర్చుకున్నారు. మందులిచ్చే కొద్దీ బిగుసుకుపోయింది. మాట పోయింది. నోరు ఊరికే నమిలినట్టు ఆడిస్తూ ఉండేది, చిన్నమ్మ పక్కన కూర్చుని ఏం తింటున్నావే అని అడిగేది, నోట్లో ఏమీ ఉండేది కాదు. నాటకాలాడుతోందని అక్కడ ఒకరన్నారు, ఆ మాట చిన్నమ్మ ఇప్పటికీ మర్చిపోలేదు. ఫిట్స్ వచ్చాక గానీ న్యూరాలజీ వాళ్లని పిలవలేదు. అంబులెన్సులో రాయవేలూరు తీసుకుపోయాం. వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేసి, ఒంట్లో రోగాలతో పోరాడే యాంటీబాడీలే మెదడు మీద పడ్డాయని చెప్పారు. అండాశయంలో చిన్న గడ్డ కూడా ఉంది, ఆపరేషన్ చేసి తీశారు. కోలుకోడానికి చాలా టైమ్ పట్టింది, ఇప్పుడు చదువు పూర్తిచేసింది.

అప్పుడు తీసిన మొదటి ఎమ్మారై కూడా నార్మలే. అందుకే ఇక్కడ రాస్తున్నా. నార్మల్ అన్న కాగితం చూసి మీ నాయన జబ్బు లేదనుకున్నాడు, మా వాళ్లకి చూసిన డాక్టరు అదే కాగితం చూసి మెదడు జబ్బు కాదనుకున్నాడు.

నైట్ డ్యూటీ:

అక్కా, అది యాంటీ ఎన్ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్ అయ్యుంటుంది. 2007లో డాల్మౌ అనే న్యూరాలజిస్టు బృందం దాని యాంటీబాడీని గుర్తించింది, అంతకు ముందు ఇలాంటి అమ్మాయిలు ఎంతమంది సైకియాట్రీ వార్డుల్లో పోయారో ఎవరికి తెలుసు. ఇప్పటికీ ఆలస్యం జరుగుతూనే ఉంది. చిత్తూరు అన్నా, కంగారు పడకండి, మీ తమ్ముడిది నెలల తరబడి మెల్లిగా వచ్చింది, అక్క చెప్పింది రోజుల్లో ముంచుకొచ్చింది. అయినా ఫిట్స్, జ్వరం, మాట పడిపోవడం, ఒళ్లు బిగుసుకుపోవడం, మందు వేసిన కొద్దీ వింతగా దిగజారడం, వీటిలో ఏది కనిపించినా వచ్చే విజిట్ దాకా ఆగొద్దు, ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

పేరొద్దు:

నాది కూడా మీ తమ్ముడి జబ్బే. చాలా ఏళ్లుగా మాత్రల మీద ఉన్నా. తిరుపతిలో బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో పనిచేస్తా. ఇక్కడంతా డాక్టర్లు, ఇంట్లోవాళ్లే మాట్లాడుతుంటే మాత్రలు మింగేవాడు ఒకడన్నా రాయాలి కదా అని రాస్తున్నా.

మెదడు జబ్బు అనే మాట మా అమ్మకి మేలు చేసింది. పెంచడం రాక కొడుకుని పాడు చేసిందని మా మేనత్తలు అనేవాళ్లు, డాక్టరు చెప్పాక నోళ్లు మూసినారు. అదే మాట నాకు ఇల్లు పోగొట్టింది. ఓనరుకి ఎవరో చెప్పినారు, ఆయన మంచోడే, "మెదడు జబ్బంట కదా నైనా, గ్యాస్ స్టవ్వు ఉండే ఇల్లు, పిల్లలు తిరిగే చోటు, మాకు భయం" అని మర్యాదగానే ఖాళీ చేయమన్నాడు. అదివరకు టెన్షన్ వల్ల మందులు వాడతానని చెప్పినప్పుడు ఆయనే పెరుగన్నం పంపేవాడు. కాబట్టి ఎవరికి ఏ మాట చెప్పాలో చూసుకుని చెప్పండి, అంతా నిజమే చెప్పాలని రూలేం లేదు.

ఇంకోటి. మెదడు జబ్బు అని నాకు మొదట చెప్పినప్పుడు ఇక అయిపోయింది, మనం చేసేదేం లేదు అనుకుని రోజంతా పడుకునేవాణ్ణి. తర్వాత ఒక సోషల్ వర్కర్ మేడమ్ కూర్చోబెట్టి నాకు వినిపించే గొంతులు ఎప్పుడెప్పుడు ఎక్కువవుతున్నాయో రాయమంది. రాస్తే, నిద్ర లేని మర్నాడు, ఇంట్లో గొడవైన రోజు ఎక్కువ. షాపులో జిరాక్స్ మిషన్ మోగుతా ఉంటే తక్కువ. మెదడు జబ్బే కానీ ఇంట్లో నాయన అరిస్తే ఎక్కువయ్యే మెదడు జబ్బు ఇది. మీ ఇంట్లో రోజూ పంచాయితీ అన్నారు, తమ్ముడి ముందర పెట్టుకోవద్దు.

మాత్రల గురించి: నాకు బరువు పెరిగింది, చేతులు వణికాయి, ఒకటి వాడినప్పుడు కూర్చోలేక నిలబడలేక గదిలో తిరుగుతా ఉండేవాణ్ణి, జబ్బు ఎక్కువైందని ఇంట్లో అనుకున్నారు, అది మందు వల్ల. డాక్టరుకి చెప్తే మార్చినారు. మీ తమ్ముడు మాత్ర వద్దంటే మొండితనం అనుకోకుండా ఏమవుతోందో అడగండి. షుగర్ టెస్టు చేయిస్తా ఉండండి, కొన్ని మాత్రలకి నిజం షుగర్ వస్తుంది, అప్పుడు మీ నాయనకి నంబరు కూడా దొరుకుతుంది.

నైట్ డ్యూటీ:

పేరొద్దు అన్నా, ఇల్లు ఖాళీ చేయించిన సంగతి మీ ఒక్కరిదే కాదు. ఈ విషయం మీద చేసిన పరిశోధనల్లోనూ దాదాపు ఇదే బయటపడింది. మెదడు, జన్యువులు అని చెప్తే పేషెంటు మీద నింద తగ్గుతుంది, కానీ వీళ్లు ప్రమాదకరం, బాగుపడరు అనే అనుమానం పెరుగుతుంది. మేం జనంలోకి వెళ్లి మాట్లాడేటప్పుడు ఇది ఆలోచించుకోవాలి.

అమ్మ టెన్షన్ గురించి. వంశపారంపర్యం కొంత ఉంది, లేదని చెప్పను. 2014లో వచ్చిన పెద్ద అధ్యయనం దీనికి సంబంధం ఉన్న చోట్లు జన్యువుల్లో 108 చూపించింది, తర్వాత ఆ సంఖ్య ఇంకా పెరిగింది. ఒక్కోదాని ప్రభావం చాలా చిన్నది, ఒక జన్యువు ఉంటే వచ్చేస్తుందని కాదు. ఒకే రూపు కవలల్లో ఒకరికి ఉంటే రెండోవాళ్లకి వచ్చే అవకాశం కూడా సగం లోపే. మామూలు జనంలో వందకి ఒకరు అనుకుంటే, తోడబుట్టినవాళ్లకి వందకి తొమ్మిది, పది దాకా. అంటే మీ చెల్లెలికి రాకపోయే అవకాశం తొంభై.

చిత్తూరు కోర్టు:

పెళ్లి మాట వచ్చింది కాబట్టి. నేను అడ్వకేటుని. హిందూ వివాహ చట్టంలో అయిదో సెక్షన్ మానసిక జబ్బు గురించి అడిగేది పెళ్లి చేసుకునే ఇద్దరి గురించే, వాళ్ల అన్నదమ్ముల గురించి కాదు. మీ చెల్లెలి పెళ్లికి చట్టం వైపు నుంచి ఏ అడ్డూ లేదు. ఊళ్లోవాళ్ల నోళ్లకి సెక్షన్లు ఉండవు, అది వేరే సంగతి.

ఆ సెక్షన్‌లో ఒకప్పుడు పిచ్చి పక్కనే మూర్ఛ కూడా ఉండేది. ఫిట్స్ మాటిమాటికీ వస్తుంటే పెళ్లికి పనికిరారని రాశారు. 1999లో చట్టం సవరించి మూర్ఛని తీసేశారు. పైన లెక్చరర్ గారు డిపార్ట్‌మెంట్లు మారడం గురించి రాస్తే నాకు అది గుర్తొచ్చింది, న్యూరాలజీ వైపు వెళ్లిన జబ్బుకి చట్టంలో కూడా విముక్తి దొరికింది, ఇటువైపు ఉన్నదానికి ఇంకా దొరకలేదు.

డబ్బు విషయానికొస్తే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శరీరానికొచ్చే జబ్బుకి ఎలా బీమా ఇస్తారో మానసిక జబ్బుకీ అలాగే ఇవ్వాలి. పాలసీ ఉంటే చేర్పించిన ఖర్చు అడగండి, మెదడు జబ్బని రాయించుకుంటేనే ఇస్తారని ఏజెంట్లు చెప్పే మాట నమ్మొద్దు. జబ్బు సాగి పని చేసుకోలేని పరిస్థితి వస్తే సదరం సర్టిఫికెట్‌కి, అంటే వైకల్యం శాతం రాసిచ్చే ప్రభుత్వ కాగితానికి, వెళ్లొచ్చు, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఉంది. అక్కడ స్కాన్ చూడరు. తన పనులు తను చేసుకుంటున్నాడా, నలుగురితో మెలుగుతున్నాడా, మాట అర్థమవుతోందా, ఉద్యోగం చేయగలడా, ఇవి చూసి శాతం వేస్తారు. ఇప్పుడే తొందరపడొద్దు, కుర్రాడికి మొదటిసారే కదా.

కట్టమంచి కుర్రోడు:

అందరికీ చాలా థాంక్స్. నాయనకి ఫోన్‌లో చదివి వినిపించాను. సిఫిలిస్ దగ్గర కోప్పడ్డాడు, మనవాడికి అలాంటిది అంటగడతారా అని. మూర్ఛ వాళ్లకి కూడా ఎమ్మారై నార్మలే వస్తుందన్న దగ్గర మాత్రం ఆపి, మళ్లీ చదవమన్నాడు. మా పెదనాయన కొడుక్కి మూర్ఛ ఉంది, ఆయనే చిన్నప్పుడు ఎత్తుకుని ఆసుపత్రులు తిప్పాడు. "వానికీ బాగుందనే రాసినార్లే స్కానింగులో" అన్నాడు. మాత్రలు ఆపుదామనే మాట ఈ వారం ఎత్తలేదు.

తమ్ముణ్ణి గంజాయి గురించి అడిగాను. రూమ్‌లో కొన్నాళ్లు తాగాడంట. డాక్టరుకి చెప్పాలి కదా? ఇంకో డౌటు, మాత్ర వేసుకున్నాక పొద్దున పది దాకా మత్తుగా ఉంటాడు, మధ్యాహ్నం బాగానే ఉంటాడు. బండి తీస్తానంటున్నాడు, తీయనివ్వొచ్చా?

నైట్ డ్యూటీ:

గంజాయి సంగతి తప్పకుండా చెప్పండి, మీరు చెప్పడం కంటే వాడే చెప్తే ఇంకా మంచిది, డాక్టరు తిట్టరు. బండి ఇప్పుడే వద్దు, మత్తు తగ్గి అనుమానాలు కూడా సర్దుకున్నాక డాక్టరుని అడిగి ఇవ్వండి. మాత్ర కాస్త ముందుగా వేయొచ్చేమో కూడా అడగండి, మోతాదు మీరే తగ్గించొద్దు. ఈలోపు అర్ధరాత్రి ఏదన్నా ఇబ్బందైతే 14416కి చేయండి, టెలీ మానస్ అంటారు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. వచ్చే విజిట్‌కి నాయన్నే తీసుకెళ్లండి, ఎమ్మారై కవరుతో సహా.